దొడ్లో లేని ఆబోతు

మా పశు పరిశోధన క్షేత్రంలో ఉన్న ఆబోతు పేరు మేనేజరు. ఆ పేరు పెట్టింది దాన్ని చూసుకునే కాపరి. "పనేమీ చెయ్యడు, అందరి వంకా చూస్తాడు, తలాడిస్తాడు, వేళకి మాత్రం అన్నీ కావాలి. ఇంకేం పేరు పెట్టమంటారు?" అన్నాడు నాతో. కాపరికి కూడా ఒక పేరుంది. ఆయన దొడ్లో మాట్లాడితే రోడ్డుకి అవతల బస్సు కోసం నిలబడ్డవాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు. అందుకని అందరూ సైరన్ అంటారు. ఆయన భార్య కూడా అలాగే పిలుస్తుంది.

నేను ఆ క్షేత్రానికి పశువైద్యుణ్ణి. మేం పెంచేది పొట్టి జాతి ఆవులు. బూడిద రంగు, చిన్న చెవులు, నా నడుం దాటని ఎత్తు. పాలు తక్కువ. సంతకి తోలుకెళ్తే బేరమాడేవాడు కూడా దొరకడు. కానీ వాటి ఒంటి మీద పిడుదులు నిలవవు. చుట్టుపక్కల పశువులన్నీ గాలికుంటు సోకి నోట చొంగ కారుస్తూ కూలబడిన ఏడాది, మావి కొన్ని పూటలు మేత మానేసి, తర్వాత ఏమీ జరగనట్టు లేచి తొట్టి దగ్గర ఒకదాన్నొకటి నెట్టుకున్నాయి. ఆ శక్తి వాటి జన్యువుల్లో ఎక్కడ దాగి ఉందో వెతకడమే మా పని. ఆ జాతి పశువులు ఇప్పుడు ఎక్కువ మిగల్లేదు. అందుకే దూడ పుట్టిన ప్రతిసారీ దాని తల్లి ఎవరో, తండ్రి ఎవరో రక్తపరీక్ష చేసి ఖాయం చేసుకుంటాం. తండ్రి ఎవరో తెలియని దూడ ఎంత ముచ్చటగా ఉన్నా మా పరిశోధనకి పనికిరాదు.

ఆ పరీక్షలు చేసే గది మేడ మీద ఉంది. అక్కడ పెద్ద నా మరదలు. నా భార్యకి సొంత చెల్లెలు. నా భార్య పోయి కొన్నేళ్లయింది. ఆవిడ నవ్వు కొంత చెల్లెలి దగ్గర మిగిలిపోయింది. మెట్ల మీద అది వినిపిస్తే ఇప్పటికీ ఒక్క క్షణం నా చేతిలో పని ఆగుతుంది. అదేం బాధగా ఉండదు. ఇంటికి చేరేసరికి ఎవరో దీపం వేసి ఉంచినట్టుంటుంది.

ఆ రోజు ఆమె నవ్వకుండా దిగి వచ్చింది.

"బావగారూ, కూర్చోండి."

"కూర్చునే ఉన్నానమ్మా."

"అయితే ఏదైనా పట్టుకుని కూర్చోండి. ఈ ఈతలో పుట్టిన దూడలు మేనేజరువి కావు."

"ఏ దూడ?"

"ఏ దూడా కాదు. ఒక్కటి కూడా."

ఆ దూడల తల్లులన్నిటినీ వదిలింది మేనేజరు ఉన్న దొడ్లోకే. ఇంకో మగపశువు లోపలికి వచ్చే దారి లేదు. ఆమె నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీకు తెలియంది కాదు. ఏ జీవికైనా జన్యువుల్లో ప్రతి చోటా రెండు గుర్తులుంటాయి. ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. దూడ దగ్గర అమ్మ గుర్తు తీసేస్తే మిగిలేది నాన్నదే కావాలి. మేనేజరు రక్తంతో పోలిస్తే కొన్ని చోట్ల కలుస్తోంది, కొన్ని చోట్ల కలవట్లేదు. నాలుగు చోట్ల కలవకపోతేనే మేం కాదనేస్తాం. ఇక్కడ అంతకంటే ఎక్కువే ఉన్నాయి."

"మళ్లీ ఒకసారి..."

"మళ్లీ చేశాను. అందుకే ఇంత ఆలస్యంగా దిగాను."

ఆ సంగతి డైరెక్టరుగారికి చెప్పక తప్పలేదు. ఆయన మంచి మనిషే. కాకపోతే ఏ కాగితం వచ్చినా దాని మీద 'వెంటనే' అని రాస్తారు. బకెట్‌కి చిల్లు పడినా వెంటనే, గోడ కూలినా వెంటనే. చాటున మేమందరం ఆయన్ని వెంటనేగారు అంటాం.

"దొడ్డికి తలుపులెన్ని?" అని అడిగారు.

"ఒకటే సార్."

"తాళం ఎవరి దగ్గర ఉంటుంది?"

"సైరన్ దగ్గర."

"పక్క షెడ్డులో ఆ నలుపూ తెలుపూ ఆబోతు ఉంది కదా?"

"ఉంది. కానీ అది ఈ ఆవుల్ని దాటితే దూడలు నల్లగా పుట్టాలండీ. ఇవి బూడిద రంగులోనే ఉన్నాయి."

"రంగు చూసి జాతి తేల్చకూడదని మొన్న కొత్తవాళ్లకి గంటసేపు పాఠం చెప్పింది మీరే కదా డాక్టరుగారూ."

చెప్పాను. గంట కంటే ఎక్కువే చెప్పాను.

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నాకు ఇష్టమై చేస్తున్నది కాదు. కానీ తలుపు ఒకటే, తాళం ఒకటే. వారాంతంలో విచారణ పెడదాం. అంతవరకూ అతను దొడ్లో అడుగు పెట్టకూడదు. తాళంచెవి నాకిచ్చేయాలి. తప్పు అతనిదే అని తేలితే ఉద్యోగమూ ఉండదు, క్వార్టరూ ఉండదు. మీరే చెప్పండి అతనికి, నేను చెప్తే బాగుండదు."

నేను చెప్పినా బాగుండలేదు. సైరన్ ఆ పూట కోసిన పచ్చిగడ్డి మోపు తల మీది నుంచి దించకుండానే విన్నాడు. విన్న తర్వాత మెల్లగా దించాడు. ఆయన అంత మెల్లగా ఏదైనా చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

"నేను తలుపు తీశానంటున్నారా?"

"అనట్లేదు. అడుగుతున్నారు."

"అడగడమంటే అదే కదండీ."

ఆ మాట నాకు మాత్రమే వినిపించింది. రోడ్డవతల ఎవరూ వెనక్కి తిరగలేదు. జేబులోంచి తాళంచెవి తీసి, చొక్కాకి తుడిచి, నా చేతిలో పెట్టాడు.

ఆయన భార్య మాత్రం ఊరుకోలేదు. క్వార్టర్ల ముందు బట్టలు ఆరేస్తున్నదల్లా తడి దుప్పటి భుజాన వేసుకునే వచ్చింది. "డాక్టరుగారూ, ఈయన మా ఇంటి గడియ వెయ్యడం మర్చిపోతాడు. పొయ్యి మీద పాలు మర్చిపోతాడు. ఒకసారి పెళ్లికి వెళ్లి నన్ను అక్కడే మర్చిపోయి వచ్చాడు. కానీ ఆ దొడ్డి గడియ మాత్రం రెండుసార్లు లాగి చూస్తాడు. నేను ఇంట్లో ఉన్నానో లేదో చూడడు గానీ వాడున్నాడో లేదో చూస్తాడు. అలాంటి మనిషినా?"

"నీ పెళ్లి గోల ఇప్పుడెందుకే?" అన్నాడు సైరన్.

"మరెప్పుడు? క్వార్టరు ఖాళీ చేశాకా?"

నేను వాళ్లకి ధైర్యం చెప్పి వచ్చేశాను. నిజం చెప్పాలంటే నా దగ్గర ఉన్నది ధైర్యం కాదు. ఆ సాయంత్రం దొడ్డి చుట్టూ ఒక్కణ్ణే తిరిగి, ప్రతి కర్రనీ కదిపి చూశాను. ఎక్కడైనా సందు దొరికితే బాగుండుననుకున్నాను. సందు దొరికితే తప్పు కంచెది అవుతుంది, మనిషిది కాదు. ఒక్క కర్ర కూడా కదల్లేదు. అంత గట్టిగా కట్టింది కూడా సైరనే.

మర్నాడు మరదలు పక్క షెడ్డులోని నలుపూ తెలుపూ ఆబోతు రక్తం తీయించింది. సాయంత్రానికి ఫలితం చెప్పింది.

"అది కూడా కాదు బావగారూ."

"మరి?"

"అదే తమాషా. దూడలన్నిటికీ తండ్రి ఒకడే. అందులో సందేహం లేదు. కానీ ఆ ఒకడు మన దొడ్లో లేడు, పక్క షెడ్డులో లేడు."

ఆ మాట క్షేత్రమంతా పాకింది. పాలు పిండేవాళ్లు గాల్లో ఎగిరొచ్చే ఆబోతు అని జోకులేసుకున్నారు. ట్రాక్టరు డ్రైవరు రాత్రి దాన్ని చూశానని, దానికి రెక్కలున్నాయని ఒట్టేసి చెప్పాడు. డైరెక్టరుగారు నవ్వలేదు. బయట నుంచి ఎవరిదో ఆబోతుని సైరనే తెప్పించి ఉంటాడని ఆయన అనుమానం బలపడింది. సైరన్ దొడ్డి బయట బోర్లించిన బకెట్ మీద కూర్చుని, లోపల ఇంకెవరో మేత వేస్తుంటే చూస్తూ ఉన్నాడు. ఆ కొత్తవాడు తొట్టిలో నీళ్లు ఎక్కువ పోసినా ఏమీ అనలేదు.

మర్నాడు మధ్యాహ్నం నేను టిఫిన్ డబ్బా పట్టుకుని మేడ మీదికి వెళ్లాను. నా భార్య ఉన్న రోజుల్లో ముగ్గురం అక్కడే తినేవాళ్లం. ఇప్పుడు ఇద్దరం తింటాం. మరదలు తినకుండా తెర వంక చూస్తోంది.

"చల్లారిపోతుందమ్మా."

"మీరు ఇటు రండి. ఇది చూడండి."

తెర మీద కొండలూ లోయల్లాంటి గీతలున్నాయి. ఒక్కో కొండ ఒక్కో గుర్తు. ఆమె పెన్నుతో చూపించింది. "ఇది మేనేజరు రక్తం, వాణ్ణి కొన్నప్పుడు తీసింది. ఇక్కడ రెండు కొండలు పెద్దవి. వాటినే లెక్కలోకి తీసుకున్నాం. కానీ కింద చూడండి, ఇదిగో ఇంకో చిన్న కొండ. అప్పట్లో దీన్ని చూసినవాడు మురికి అనుకుని వదిలేశాడు. నేనున్నా అదే చేసేదాన్ని. ఇప్పుడు చూస్తే చాలా చోట్ల ఉంది."

"అంటే మూడు గుర్తులు."

"అమ్మ ఒకటి, నాన్న ఒకటి. మూడోది ఎవరిచ్చారు? శాంపిల్‌లో ఇంకో పశువు రక్తం కలిసిందేమోనని పోయిన నెల జబ్బుల పరీక్షకి తీసిన రక్తం కూడా పెట్టి చూశాను. అందులోనూ అంతే. వాడి ఒంట్లోనే ఇద్దరి రక్తం ఉంది. మీరెప్పుడైనా వాడికి రక్తం ఎక్కించారా?"

"నేను ఎక్కించలేదు. నేను కాకపోతే ఇంకెవరూ ఎక్కించరు."

"అయితే పుట్టకముందే ఎక్కించి ఉంటారు," అంది ఆమె విసుగ్గా, డబ్బా మూత తీస్తూ.

నేను చేతిలో ముద్ద అలాగే పట్టుకుని ఆగిపోయాను. ఆమె కూడా మూత పట్టుకుని ఆగిపోయింది. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

"కవల," అన్నాను.

"కవల," అంది.

ఆవుకి కవలలు పుట్టడం అరుదు. పుడితే మాత్రం ఒక విచిత్రం జరుగుతుంది. కడుపులో రెండు దూడల్నీ చుట్టుకుని ఉండే మావి పొరలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, రక్తనాళాలు కలిసిపోతాయి. ఒకరి రక్తం ఒకరిలో పారుతుంది. రక్తం పుట్టించే కణాలు కూడా అటూ ఇటూ వెళ్లి స్థిరపడతాయి. ఆ తర్వాత ఆ జీవి ఎంతకాలం బతికినా దాని నరాల్లో తోబుట్టువు రక్తం కూడా ఉంటుంది, ఒక్కోసారి సొంత రక్తం కంటే ఎక్కువగా. పిల్లలకి ఇచ్చేది మాత్రం సొంత గుర్తులే. కాలేజీలో ఇది నేను చదివాను. పరీక్షలో రాశాను. తర్వాత ఎప్పుడూ పనికి రాలేదు గనక మర్చిపోయాను. మా దగ్గర ఏ పశువుకైనా మెడ దగ్గర రక్తం మాత్రమే తీస్తాం, ఇంకేదీ తియ్యం. జబ్బుల పరీక్షకీ అదే, తల్లిదండ్రుల పరీక్షకీ అదే. పశువుని రెండు రకాలుగా బాధపెట్టడం ఎందుకని నేనే పెట్టిన పద్ధతి. కొనేటప్పుడు రంగు అడుగుతాం, కొమ్ములు అడుగుతాం, తల్లి పాలెన్నో అడుగుతాం. ఒక్కడే పుట్టాడా అని ఎవరం అడగం.

"అయితే మనం దూడల్ని మేనేజరుతో పోల్చలేదు," అంది మరదలు. "వాడి తోబుట్టువుతో పోల్చాం. అందుకే కొన్ని చోట్ల కలిసింది, కొన్ని చోట్ల కలవలేదు. బావగారూ, దూడలకి మేనత్తో పెదనాన్నో అయినదాన్ని పట్టుకొచ్చి నాన్న అని నిలబెట్టాం!"

"ముందు కవల అవునో కాదో తెలియాలి కదా."

"తెలుసుకురండి మరి. అన్నం తినేసి వెళ్లండి. మా అక్క ఉంటే తినకుండా పంపేది కాదు."

మేనేజరుని మాకు అమ్మినావిడ ఊరి చివర పాలవ్యాపారం చేసేది. ఇప్పుడది మానేసి కూతురి దగ్గర ఉంటోందని వాకబు చేస్తే తెలిసింది. సైకిలు రిపేరు షాపు మీద చిన్న వాటా. ఇరుకు మెట్లు, గోడకి గ్రీజు చేతుల ముద్రలు. ఆవిడ తలుపు తీసి నన్ను గుర్తుపట్టింది. వెంటనే నా భుజం మీదుగా మెట్ల కిందికి చూసింది.

"వెనక్కి తెచ్చారా ఏమిటి నాయనా? ఈ మెట్లు వాడు ఎక్కలేడు."

"లేదమ్మా. వాడు బాగున్నాడు. ఊరికే ఒక మాట అడుగుదామని వచ్చాను."

"ఊరికే అడగడానికి అంత దూరం నుంచి ఎవరూ రారు. కూర్చో. ఏం చేశాడు?"

"ఏమీ చెయ్యలేదు. వాడు పుట్టినప్పుడు ఒక్కడే పుట్టాడా?"

ఆవిడ ముఖం మారింది. కొంగు సర్దుకుని కిటికీ వంక తిరిగింది. "ఎందుకు?"

"అమ్మా, వాణ్ణి వెనక్కి ఇవ్వడానికి కాదు. మీ మీద ఏ తప్పూ రాదు. వాడిని చూసుకునే కాపరి ఉద్యోగం దీని మీద ఆధారపడి ఉంది. ఆయన ఏ తప్పూ చెయ్యలేదని చెప్పడానికి నాకు ఈ ఒక్క మాట కావాలి."

"ఆ పెద్ద గొంతాయనా?"

"ఆయనే."

"వాణ్ణి తీసుకెళ్లడానికి వచ్చింది ఆయనే కదా. లారీ ఎక్కించేటప్పుడు వాడు బెదిరితే, తన భుజమ్మీది తువ్వాలు తీసి వాడి కళ్లకి కట్టి, దారంతా పక్కనే నిలబడతానన్నాడు. నిలబడే వెళ్లాడు." కింద షాపులో ఎవరో చక్రం తిప్పుతున్న చప్పుడు. "ఇద్దరు పుట్టారు నాయనా. ముందు వాడు, వెనక పెయ్యదూడ. ఆ పెయ్యని నేనుంచుకున్నాను. ఎంత ముద్దుగా ఉండేదనుకున్నావు? కానీ ఎన్నాళ్లు చూసినా ఎదకి రాలేదు, చూడి కట్టలేదు. ఎంతమందికో చూపించాను. చివరికి గొడ్డుదని తేల్చారు. కవలని తెలిస్తే వీణ్ణి కూడా గొడ్డువాడే అంటారేమో, ఎవరూ కొనరేమోనని నోరు మూసుకున్నాను. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. అంతే."

నాకు ప్రాణం లేచొచ్చింది. మగదూడతో పాటు పుట్టిన పెయ్య ఎదకి రాకపోవడం ఇంకో పక్క నుంచి వచ్చిన సాక్ష్యం. కలిసిన రక్తం ఆడదూడ గర్భసంచిని ఎదగనివ్వదు.

"అది మీ పెంపకం తప్పు కాదమ్మా. పుట్టకముందే జరిగిపోయింది. మీరేం చేసినా అది ఈనేది కాదు."

ఆవిడ నా వంక తేరిపార చూసింది. "నిజంగానా? నేను మేత సరిగ్గా పెట్టలేదని మా ఆయన పోయేదాకా అంటూనే ఉన్నాడు."

"నిజం."

"ఆయన ఉండగా వచ్చుంటే బాగుండేది," అని నవ్వింది. దిగి వస్తుంటే మెట్ల పైనుంచి, "ఆ మాట కాగితం మీద రాయాలంటే వేలిముద్ర వేస్తాను, సంతకం కూడా వచ్చు!" అని అరిచింది.

ఇక మిగిలింది వెంట్రుకలు. రక్తంలో ఇద్దరున్నా వెంట్రుక కుదుళ్లలో ఉండేది ఒక్కడే. మేనేజరు తోక కుచ్చులోంచి నాలుగు వెంట్రుకలు కుదుళ్లతో సహా పీకితే వాడి అసలు గుర్తులు తెలుస్తాయి. చెప్పడానికి సులువు. కానీ వాడికి సూదులు వేసేవాణ్ణి నేను. నన్ను చూస్తే చాలు, తల వంచి ఎదురు తిరిగి నిలబడతాడు. నేను చుట్టూ తిరిగితే వాడూ తిరుగుతాడు. వెనక్కి వెళ్లనివ్వడు. వాణ్ణి నిలబెట్టగలిగేది సైరన్ ఒక్కడే, ఆయన లోపలికి రాకూడదు. వస్తే వెంట్రుకలు మార్చేశాడని రేపు ఎవరైనా అనొచ్చు.

డైరెక్టరుగారికి అంతా వివరించాను. ఆయన ఓపిగ్గా విన్నారు. అది నాకు కొంచెం ఆశ్చర్యం. "నేను ఎదుటే నిలబడతాను," అన్నారు. "అతను కంచె బయట ఉండాలి. తాకకూడదు. మాట్లాడొచ్చు."

అలా అందరం దొడ్డి దగ్గర చేరాం. తాళం డైరెక్టరుగారే తీశారు. నేను లోపల, మేనేజరు నాకు ఎదురుగా. మరదలు చేతికి తొడుగులు వేసుకుని, కాగితం కవరు పట్టుకుని గేటు దగ్గర. సైరన్ కంచె అవతల, చేతులు వెనక్కి కట్టుకుని. ఆయన పక్కనే భార్య.

"మాట్లాడు," అన్నాను.

"ఏం మాట్లాడనండీ?"

"రోజూ వాడితో ఏం మాట్లాడతావో అదే."

సైరన్ ఇబ్బందిగా అటూ ఇటూ చూశాడు. "ఒరేయ్ మేనేజరూ, రోజూ చెప్పుకునేవి ఇవాళ చెప్పలేన్రా. ఆవిడ ఇక్కడే ఉంది."

మరదలు పకపకా నవ్వింది. డైరెక్టరుగారు దగ్గు తెచ్చుకుని రుమాలు అడ్డం పెట్టుకున్నారు. సైరన్ భార్య, "చెప్పు చెప్పు, నేనూ వింటాను, ఎన్నాళ్ల నుంచి సాగుతోందో ఈ భాగోతం," అంది.

"ఇటు రండి సార్," అన్నాడు సైరన్ వాడితో, గొంతు బాగా తగ్గించి. "రండి. నా మీద అలిగారా? నేను రాకపోతే ఏమైందని తొట్టి బోర్లించారట నిన్న? ఎవరి సొమ్మని బోర్లిస్తారండీ? రండి, నాలుగు వెంట్రుకలు ఇచ్చేయండి. మీకేం తక్కువ, కుచ్చెడున్నాయి. నాకైతే నెత్తి మీద కూడా అన్ని లేవు."

మేనేజరు చెవులు కదిలాయి. నన్ను వదిలేసి మెల్లగా కంచె దగ్గరికి నడిచాడు. పై కర్ర మీద గడ్డం ఆనించి, కళ్లు సగం మూసి, తల ఊపుతూ నిలబడ్డాడు. సైరన్ చేతులు వెనక ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. గోకమని వాడు మెడ చాస్తుంటే తాకకుండా నిలబడటం ఆయనకి ఎంత కష్టమైందో ఆ వేళ్లు చూస్తే తెలిసింది. నేను వెనక నుంచి వెళ్లి, ఒక్కసారిగా పీకాను. తోక విసురుకి నా కళ్లజోడు ఎగిరి పేడలో పడింది. వెంట్రుకలు మాత్రం చేతిలోనే ఉన్నాయి, కుదుళ్లతో సహా. అంతకంటే మంచి రోజు అడగకూడదు.

మర్నాడు నేను కింద కూర్చోలేకపోయాను. కాలు కాలిన పిల్లిలా నాలుగు షెడ్లూ తిరిగి, చివరికి మేడ మెట్లు ఎక్కాను. మరదలు తెర ముందు ఉంది. "సరిగ్గా సమయానికి వచ్చారు. కూర్చోండి. పట్టుకుని కూర్చోండి," అంది.

వెంట్రుకల గుర్తులు ఒక పక్క, దూడల గుర్తులు ఇంకో పక్క. ముందు ఆమె వెంట్రుకల్లో చిన్న కొండలు ఉన్నాయేమో వెతికింది. లేవు. ప్రతి చోటా రెండే. రక్తంలో మురికి అనుకుని వదిలేసిన ఆ చిన్న కొండలే ఇక్కడ నిటారుగా నిలబడి ఉన్నాయి. తర్వాత ఒక్కో దూడనీ పిలిచింది, బళ్లో హాజరు వేసినట్టు.

"మచ్చ మూతి దూడ. నాన్న, మేనేజరు."

"ఆఁ."

"కుంటి ఆవు దూడ. మేనేజరు."

"ఆఁ."

"ఎప్పుడూ తప్పించుకుపోతుందే, అది. మేనేజరు. ఇది కూడా మేనేజరు. ఇది కూడా."

చివరి దూడ దాకా అలాగే చదివింది. ఒక్కటీ తప్పలేదు. గుండెల మీద ఉన్న బండ ఎవరో చెరో పక్కా పట్టుకుని దించినట్టయింది. ఆమె కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. ఆ తుడిచే తీరు అచ్చం వాళ్ల అక్కదే. నేను కిటికీ లోంచి కిందికి చూశాను. క్వార్టర్ల ముందు గోనెసంచుల్లో గిన్నెలు కట్టి పెట్టి ఉన్నాయి. సైరన్ భార్య మాట పడే మనిషి కాదు. ఖాళీ చెయ్యమనేలోపే ఖాళీ చేసి వెళ్లాలనుకున్నట్టుంది.

డైరెక్టరుగారు ఫలితం చదివి, ఈసారి దాని మీద ఏమీ రాయలేదు. లేచి చెప్పులేసుకున్నారు. "పదండి," అన్నారు.

సైరన్ బకెట్ మీదే ఉన్నాడు. మమ్మల్ని ముగ్గుర్నీ కలిసి చూసేసరికి లేచి నిలబడ్డాడు. నేను ఆలస్యం చెయ్యకుండా చెప్పేశాను.

"వాడే."

"ఎవరు?"

"మేనేజరే. అన్ని దూడలకీ వాడే నాన్న. వాడు కవల. వాడి ఒంట్లో వాడి చెల్లెలి రక్తం ఉంది. మేం రక్తం చూసి మోసపోయాం."

"అన్నిటికీనా?"

"అన్నిటికీ."

"అయితే నేను తలుపు తియ్యలేదు."

"తియ్యలేదు."

ఆయన మరదలి చేతిలో కాగితం వంక చూశాడు. "ఆ మాట కూడా అందులో ఉందామ్మా?"

మరదలు కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. కాగితం నిండా అంకెలే. డైరెక్టరుగారు దాన్ని ఆమె చేతిలోంచి తీసుకుని, కంచె కర్ర మీద పెట్టి, ఖాళీగా ఉన్న చోట పెద్ద అక్షరాలతో రాశారు: కాపరి తలుపు తియ్యలేదు. కింద సంతకం పెట్టారు. పెన్ను జేబులో పెట్టుకున్నారు. "తప్పు మాది. అంటే, నాది. తొందరపడ్డాను," అన్నారు. జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చారు.

సైరన్ దాన్ని తీసుకున్నాడు. సంతోషంతో అరుస్తాడని మేమందరం ఎదురుచూశాం. ఆయన తాళం తీసి లోపలికి వెళ్లి, మేనేజరు మూపురం మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. తర్వాత తొట్టి గోడకి వీపు ఆనించి కింద కూర్చున్నాడు. కాళ్లు చాచాడు. మేం ఇంకా మాట్లాడుకుంటుండగానే తల పక్కకి వాలింది. పట్టపగలు, గడ్డి మీద, నిద్రపోయాడు.

"లేపకండి," అంది ఆయన భార్య, మేమెవరం లేపబోకపోయినా. "ఈ వారం కన్ను మూస్తే ఒట్టు. తను పడుకోలేదు, నన్నూ పడుకోనివ్వలేదు." ముక్కు చీదుకుని, కళ్లు తుడుచుకుని, సంచులు విప్పడానికి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ, "ఈ గిన్నెలన్నీ ఇప్పుడు మళ్లీ నేనొక్కదాన్నే సర్దుకోవాలి," అని గొణిగింది. మరదలు ఆమె వెనకే వెళ్లింది సాయానికి.

మేనేజరు ఆయన తల మీదుగా మేత నములుతున్నాడు. పరకలు ఆయన భుజం మీద రాలుతున్నాయి. తలుపు మాత్రం తెరిచే ఉంది. తాళంచెవి ఆయన గుప్పిట్లో ఉంది. తియ్యబోతే మెలకువ వస్తుంది. పక్క షెడ్డులో నలుపూ తెలుపూ ఆబోతుని కడగడానికి బయటికి తెచ్చే వేళయింది. నేను తలుపు దగ్గరికి వేసి, దానికి అడ్డంగా నిలబడ్డాను.

డైరెక్టరుగారు అక్కడే ఉన్నారు. కాసేపు సైరన్ వంక, కాసేపు తలుపు వంక చూశారు. తర్వాత బోర్లించిన బకెట్‌ని కాలితో జరిపి, సరిగ్గా తలుపు ముందుకి తెచ్చి, దాని మీద కూర్చున్నారు.

"మీరు వెళ్లి భోంచెయ్యండి డాక్టరుగారూ," అన్నారు గొంతు బాగా తగ్గించి. "ఆయన లేచేదాకా నేనుంటాను."